గండికోట పొరలు, సొరచేప పళ్లు

కడపలో పొద్దున్నే బయల్దేరి ఎర్రగుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. అక్కడ ఎర్రకారం దోసె తిని గండికోట దారి పట్టాం. కారు నడిపేది అన్న. మా కాలేజీలోనే జియాలజీ చెప్తాడు, నాది జువాలజీ. ఆ వారమంతా నేను క్లాసులో స్కోలియోడాన్ అనే చిన్న సొరచేప పాఠం చెప్తున్నాను. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లకు ఆ ఫార్మలిన్ ఘాటు గుర్తుండే ఉంటుంది. ఆ చిన్న సొరను బల్ల మీద పెట్టి ఎంత చెప్పినా పిల్లలు అడిగేది మాత్రం తెల్ల సొర గురించే. సినిమాల పుణ్యం!

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనులు చూసినప్పటి నుంచి అన్న సముద్రం సంగతే మాట్లాడుతున్నాడు. మన వంటింటి గట్టు మీది బండ ఒకప్పటి సముద్రం అడుగు బురదేనంటే కడప ఎండలో నమ్మబుద్ధి కాదు.

కోట గురించి, జామియా మసీదు గురించి, ధాన్యాగారం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను నేరుగా లోయ అంచుకే వెళ్తాను. కింద సన్నగా పెన్న, రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, వాటి నిండా అడ్డంగా పొరలు. సెల్ఫీల గుంపుకు దూరంగా ఒక బండ మీద అన్న వేలు పెట్టి చూపించాడు. వరసగా చిన్న చిన్న గట్లు. లోతులేని నీళ్లలో ఇసుక మీద అలలు వేసిన గీతలు, అట్లే రాయైపోయాయి.

"అయితే అన్నా, ఇక్కడ సొర పన్ను దొరకాలి కదా?" అన్నాను.

"యాడ దొరుకుతుందప్పా! ఈ రాళ్లు నూరు కోట్ల ఏళ్లు ఎప్పుడో దాటినాయి. నీ సొరచేపలు పుట్టి యాభై కోట్లు కూడా కాలేదు."

నిజమే. ఈ సముద్రంలో చేప లేదు, ఎముక లేదు, పన్ను అసలే లేదు. ఉన్నదంతా సూక్ష్మజీవులే. వేంపల్లె వైపు డోలమైట్ అనే సున్నపురాయి లాంటి రాళ్లలో అవి కట్టిన గుండ్రటి పొరలు, స్ట్రోమటోలైట్లు, ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు.

కానీ ఈ పొరలను చదవడం మనిషికి నేర్పింది ఒక సొరచేప తల. ఆ కథ అన్న చెప్పాడు. 1666లో ఇటలీలో లివోర్నో దగ్గర జాలర్లు పెద్ద సొరను పట్టారు. అది తెల్ల సొరేనని అంటారు. టస్కనీ ప్రభువు రెండో ఫెర్డినాండ్ దాని తలను ఫ్లోరెన్స్‌లో ఉన్న డెన్మార్క్ వైద్యుడు నికోలాస్ స్టెనోకు పంపించాడు. అప్పట్లో కొండల్లో దొరికే ముక్కోణపు రాళ్లను పాము నాలుకలు రాయైపోయాయని జనం నమ్మేవాళ్లు. తల కోసిన స్టెనోకు అవి ఈ నోట్లోని పళ్లలాంటివేనని అర్థమైంది. సముద్రపు పన్ను కొండ రాతిలోకి ఎట్లా చేరిందని వెతుకుతూ పోయి, 1669 నాటికి కింది పొర ముందుది, పై పొర తర్వాతిదనే సూత్రం రాశాడు. జియాలజీ మొదటి పాఠం అదే.

పన్నే ఎందుకు మిగిలిందో చెప్పడం నా వంతు. సొర అస్థిపంజరం మొత్తం మృదులాస్థి. మన చెవి డొప్పలో ఉండే రకం. చచ్చాక అది కుళ్లిపోతుంది. పన్ను అట్లా కాదు, లోపల డెంటిన్ అనే గట్టి పదార్థం, పైన ఫ్లోరిన్ కలిసిన గట్టి పూత. పైగా తెల్ల సొర నోట్లో వరసల మీద వరసలుగా దాదాపు 300 పళ్లుంటాయి. అవి దవడలో పాతుకోవు, చిగుళ్లలో కూర్చుంటాయి. ముందుది ఊడితే వెనకది జరిగి వస్తుంది. జీవితకాలంలో వేలల్లో రాలుతాయి. పై పళ్లు వెడల్పుగా రంపపు అంచుతో కోయడానికి, కింది పళ్లు కాస్త సన్నగా పట్టుకోవడానికి. పై దవడ పుర్రెకు అతుక్కుని ఉండదు కాబట్టి కొరికేటప్పుడు ముందుకు తోసుకొస్తుంది. అసలు సొర చర్మం మీది పొలుసు కూడా పంటి లాంటిదే, నిర్మాణం అదే. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరగరగా తగులుతుంది. ల్యాబ్‌లో మా చిన్న సొర మీద పిల్లల చేత ఈ పని తప్పకుండా చేయిస్తాను.

లోపల ఇంకా తమాషాలున్నాయి. గాలి తిత్తి లేదు, నూనె నిండిన పెద్ద కాలేయమే దాన్ని మునగకుండా కాస్తుంది. వేడి రక్తనాళాలూ చల్లటి రక్తనాళాలూ పక్కపక్కనే జాలీలా అల్లుకుని ఉండటంతో ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోదు. పొట్ట చుట్టూ ఉన్న నీటి కంటే 14 డిగ్రీల దాకా వెచ్చగా ఉండగలదు. ముట్టె మీద జిగురు నిండిన సన్నటి గొట్టాలను 1678లో లోరెంజీని అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అవి ఎర గుండె కొట్టుకునే విద్యుత్తును కూడా పసిగడతాయని తేలింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే.

"సొర వయసు ఎట్లా కడతారు? పొరలేమైనా ఉన్నాయా?" అన్న అడిగాడు. జియాలజీ వాళ్లకు వేరే ప్రశ్న రాదు! ఉన్నాయి. వెన్నుపూసల్లో కొంత సున్నం చేరుతుంది, అక్కడ వలయాలు పడతాయి. అణుపరీక్షల వల్ల 1950లు, 60లలో గాలిలో పెరిగిన రేడియోధార్మిక కార్బన్‌ను ఆ వలయాల్లో కొలిచి, అట్లాంటిక్‌లో దొరికిన ఒక మగ సొరకు 73 ఏళ్లని 2014లో తేల్చారు. అంతకుముందు అంత ఆయుష్షు ఎవరూ అనుకోలేదు.

ఎండ నెత్తి మీదికొచ్చాక లేచాం. సొర పళ్లు రాతిలో చూడాలంటే తమిళనాడులో అరియలూరు పోవాలని, అక్కడి రాళ్లు డైనోసార్ల కాలం నాటి సముద్రానివని అన్న చెప్పాడు. సంక్రాంతి సెలవులయ్యాక రెండు డిపార్ట్‌మెంట్ల పిల్లలనూ తీసుకుపోదామని దారిలోనే అనుకున్నాం. సుత్తులు, భూతద్దాలు అన్న చూసుకుంటాడు. ప్రిన్సిపాల్‌ను బస్సు అడిగే టెన్షన్ నాది.