పోటీకి తొమ్మిది రోజులు: మొదటి 500 మీటర్లతోనే నా కుస్తీ

హైదరాబాద్‌లో జరిగే ఇండోర్ రోయింగ్ పోటీకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. పడవ ఉండదు, నీళ్లుండవు, మెషిన్ మీదే 2000 మీటర్లు లాగాలి. నల్లగొండలో మా జిమ్‌లో ఉన్న ఒకే ఒక్క రోయింగ్ మెషిన్ మీద అయిదు నెలలుగా సాధన చేస్తున్నాను. నేను పెట్టుకున్న టైమ్ 8:20. అంటే ప్రతి 500 మీటర్లూ సగటున 2:05లో అయిపోవాలి.

మూడు వారాల కింద ఒక ట్రయల్ చేశాను. మొదటి 500 మీటర్లు 1:56లో లాగేశాను, అలసటే తెలియలేదు. ఆ తర్వాత 2:06, 2:14, 2:12. మొత్తం 8:28. దిగాక చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయాను. పక్కన బరువులెత్తే తమ్ముడు వచ్చి, "అన్నా, మొదటి అయిదొందలకే ఊపిరంతా ఖర్చు పెట్టినవ్" అన్నాడు. నిజమే. మొదటి పది సెకన్లు కండరాల్లో నిల్వ ఉన్న శక్తితోనే గడిచిపోతాయి. ఆ తేలికను చూసి ఇంకా గట్టిగా లాగుతాం. ఆ అప్పు వెయ్యి మీటర్లు దాటాక వడ్డీతో సహా కట్టాలి.

అప్పటి నుంచి వారంలో ఒక రోజు 500 మీటర్లు ఆరుసార్లు చేస్తున్నాను, మధ్యలో రెండు నిమిషాల విరామం. మొదటిది 2:06 కంటే వేగంగా వస్తే ఆ రోజు సాధన నోట్‌బుక్‌లో రాసుకోను. ఈ ఒక్క నియమమే నన్ను దారిలో పెట్టింది. మరో రెండు రోజులు నిమిషానికి 20 స్ట్రోకులతో (ఒక్కో లాగుడు ఒక స్ట్రోకు) 40 నిమిషాలు, మెల్లగా.

టెక్నిక్‌లో నా తప్పు, కాళ్లతో తొయ్యకముందే నడుం వెనక్కి వాల్చడం. నడుం నొప్పి అందుకే వచ్చింది. ఇప్పుడు లాగేటప్పుడు "కాళ్లు, ఒళ్లు, చేతులు" అనుకుంటాను, ముందుకు వచ్చేటప్పుడు "చేతులు, ఒళ్లు, కాళ్లు". లాగడానికి పట్టే సమయానికి దాదాపు రెట్టింపు సమయం ముందుకు రావడానికి ఇవ్వాలి.

డాంపర్ గురించి ఒక మాట. చాలామంది దాన్ని 10 మీద పెట్టి లాగుతారు, అది బలానికి గుర్తు అనుకుంటారు. ఫ్యాన్‌లోకి ఎంత గాలి వెళ్లాలో చెప్పే మీట మాత్రమే అది. లోపల దుమ్ము పేరుకుంటే అదే అంకె మీద కూడా బరువు మారిపోతుంది. అందుకే మానిటర్‌లో డ్రాగ్ ఫ్యాక్టర్, అంటే ఫ్యాన్‌కు గాలి ఎంత అడ్డుపడుతోందో చెప్పే అంకె, చూసుకోవాలి. మా మెషిన్ మీద డాంపర్ 4 పెడితే 118 వస్తుంది. పోటీ రోజున అక్కడి మెషిన్‌నూ 118కే సరిచేసుకుంటాను, డాంపర్ ఎంత మీదున్నా సరే.

ఇక టెన్షన్ సంగతి. పొద్దున్నే పానగల్‌లో ఉదయ సముద్రం కట్ట మీద నడుస్తూ రేసు మొత్తం మనసులో లాగుతాను. నిమిషానికి 28 స్ట్రోకుల లెక్కన రేసంతా సుమారు 230 స్ట్రోకులు, ఒక్కో 500కి 58 వరకు. వాటిని పదేసి చొప్పున లెక్కపెడతాను. మూడో 500 దగ్గర మనసు ఆగిపొమ్మంటుంది, అక్కడ "కాళ్లు" అన్న ఒక్క మాటే పట్టుకుంటాను. మిగిలిన దూరం కనపడకుండా మానిటర్ మీద ఆ భాగానికి ప్లాస్టర్ అంటించి సాధన చేస్తున్నాను.

కరువు ఊరి నుంచి వచ్చిన దత్తు భోకనల్ 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో (ఒక్కరే రెండు తెడ్లతో పడవ నడిపే పోటీ) 13వ స్థానంలో నిలిచాడు. ఎండిన నేల మీద పుట్టినవాళ్లకు ఈ ఆట అందనిదేం కాదని ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ధైర్యం వస్తుంది.

మొన్న ఆదివారం మళ్లీ ట్రయల్: 2:06, 2:07, 2:06, 2:03. మొత్తం 8:22. చివరి 500 అన్నిటికంటే వేగంగా రావడం నాకిదే మొదటిసారి.

ఇక గట్టి సాధన ఒక్కటే మిగిలింది, ఎల్లుండి. ఆ తర్వాత అంతా తేలికే. రేసుకు మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు. పావుగంట వార్మప్‌లో మూడుసార్లు పదేసి గట్టి స్ట్రోకులు. మొదటి 500 మాత్రం 2:06.