ఇటుక రంగు గొంతు పిట్ట

మా అత్తయ్యకి ఇప్పటికీ అనుమానమే. విశాఖ నుంచి అస్సాంలోని తిన్‌సుకియా దాకా వివేక్ ఎక్స్‌ప్రెస్, అక్కణ్ణించి కారులో సదియా వంతెన దాటి రోయింగ్, మళ్లీ 56 కిలోమీటర్ల ఘాట్ రోడ్డెక్కితే మాయోడియా కనుమ. ఇంత దూరం పిచ్చుకకన్నా చిన్న పిట్ట కోసం వెళ్తున్నానంటే, అరుణాచల్‌లో నాకేదో స్థలం బేరం ఉందనే ఆవిడ అనుకున్నారు.

ఆ పిట్ట మిష్మి రెన్ బాబ్లర్. ముక్కు నుంచి తోక దాకా 9 సెంటీమీటర్లు. గొంతు దగ్గర ముదురు ఇటుక రంగు, పొట్ట మీద తెల్ల చుక్కలు. 1947 జనవరిలో పక్షి శాస్త్రవేత్తలు సలీం అలీ, డిల్లన్ రిప్లీ ఈ కొండల్లో తిరిగినప్పుడు ఒక్కటంటే ఒక్కటే దొరికింది, అదీ ఆడపిట్ట. మరుసటేడు రిప్లీ దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత 57 ఏళ్లు, 2004 నవంబరులో బెన్ కింగ్, జూలియన్ డొనహ్యూ మళ్లీ చూసేదాకా, శాస్త్రానికి తెలిసినదల్లా ఆ ఒక్క పిట్టే.

నేను వెళ్లింది ఏప్రిల్‌లో. ఎత్తు 2,655 మీటర్లు, చెట్ల నిండా నాచు, పది అడుగుల అవతల ఏముందో కనబడనంత మంచు. మాకు దారి చూపించిన ఇదు మిష్మి తెగ కుర్రాడు ఒక మలుపులో జీపు ఆపించాడు. రోడ్డు పక్క పొదల్లోంచే వినిపించింది! పిడికెడు కూడా లేని ఒంట్లోంచి అంత గొంతా అనుకున్నాను. పాడింది, ఆగింది, మళ్లీ అదే పాట. రోడ్డు మీదికి వినబడే పిట్ట అన్నేళ్లు ఎలా దొరకలేదు? నాకు తోచింది చెప్తాను. ఇది కొమ్మ మీద కూర్చునే రకం కాదు, ఎలకలా పొదల అడుగున దూరిపోతుంది. గొంతు తెలియకపోతే ఎదురుగా ఉన్నా లేనట్టే.

గంటన్నర నిలబడ్డాం. కాలికి రెండు జలగలు పట్టాయి. కళ్లద్దాలకి ఆవిరి. "మేడమ్, కెమెరా కింద పెట్టేయండి, చూడండి చాలు" అన్నాడు కుర్రాడు హిందీలో. పెట్టాను. ఫెర్న్ ఆకుల మధ్య ఇటుక రంగు గొంతు, ఎత్తిన ముక్కు. రెండు సెకన్లు, అంతే.

ఇంటికొచ్చాక ఫోన్‌లో రికార్డు చేసిన పాట వినిపిస్తే అత్తయ్య శ్రద్ధగా రెండుసార్లు విన్నారు.

"గొంతు బాగానే ఉంది. మరి ఫొటో ఏదీ?"