తెన్రీలో తుడిచిన వసారా

జపాన్‌లోని నారాలో లోకల్ రైలెక్కితే పావుగంటలో తెన్రీ వచ్చింది. స్టేషన్ బయట చాలామంది నల్లని పొట్టి కోట్లు వేసుకుని కనిపించారు. వీపు మీద తెల్లని అక్షరాల్లో ‘తెన్రీక్యో’ అని తమ మతం పేరు ఉంది. 1954లో ఈ ఊరికి పేరు కూడా ఆ మతం వల్లే వచ్చింది. వచ్చినవారిని ఇక్కడ ‘ఒకాయెరి’ అని పలకరిస్తారు. ఇంటికి తిరిగి వచ్చారా అని దాని అర్థం. మనుషులందరూ పుట్టిన చోటు ఇదేనని వీరి నమ్మకం. గుంటూరులో పుట్టి ఒసాకాలో ఉద్యోగం చేసుకుంటున్న నేను కూడా వీరి లెక్కలో తిరిగి వచ్చినదాన్నే.

ప్రధాన మందిరం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. నాలుగు దిక్కులా చాపల మీద కూర్చున్నవారి చూపంతా మధ్యకే. అక్కడ విగ్రహం లేదు. కన్‌రోదాయ్ అనే ఆరు పలకల చెక్క స్తంభం ఉంది. దానికి నేరుగా పైన కప్పు తెరిచి, ఆకాశం కనిపించేలా వదిలేశారు.

ఈ మతానికి మూలం నకయామా మికి అనే ఇల్లాలు. 1838లో కొడుకు కాలి నొప్పి తగ్గాలని చేసిన పూజలో ఆమె నోట దైవం పలికిందట. ఉన్నదంతా పేదలకు పంచేసింది. ఎనభై దాటాక కూడా పోలీసులు ఆమెను నిర్బంధించారు. 1887లో కన్నుమూసింది. భక్తులు మాత్రం ఆమె ఇక్కడే ఉందని నమ్మి, నేటికీ మూడు పూటలా భోజనం పెడతారు.

మందిరాల చుట్టూ పొడవైన చెక్క వసారా ఉంది. కొందరు మోకాళ్ల మీద వంగి, పాడుతూ దాన్ని తుడుస్తున్నారు. ఈ సేవను హినోకిషిన్ అంటారు. ఒక పెద్దావిడ నా చేతికీ గుడ్డ ఇచ్చింది.

“ఒంట్లో బాగుంటే చేయండి. ఈ ఒళ్లు దైవం దగ్గర ఎరువు తెచ్చుకున్నదే కదా, మనసు ఒక్కటే మనది” అంది.

మనకు ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత ఉంది. ఆమె మాటలో ఆ బరువు లేదు. ఇచ్చింది తల్లీ తండ్రీ అయిన దైవం. ఆనందంగా వాడుకోవడమే తీర్చుకోవడం. తప్పులను కూడా వీరు పాపాలు అనరు, దుమ్ము అంటారు. లోభం, పగ, కోపం వంటి ఎనిమిది రకాల దుమ్ములో తనవారి మీద మాత్రమే ఉండే ప్రేమ కూడా ఒకటి. ఆ మాట విన్నాక చాలాసేపు గుడ్డ కదపలేకపోయాను.

రోగం కూడా దైవం చెప్పే మాటేనంటే మాత్రం నాకు మింగుడుపడలేదు. జబ్బుపడినవారి మీద మరో భారం పెట్టినట్లు అనిపించింది. అయితే ఇదే సంస్థ ఊళ్లో పెద్ద ఆసుపత్రి కూడా నడుపుతోంది.

సూర్యాస్తమయం వేళ ప్రార్థన మొదలైంది. ‘చెడును ఊడ్చివేసి కాపాడు’ అని 21 సార్లు పాడుతూ, రొమ్ము ముందు రెండు చేతులతో ఊడుస్తున్నట్లు అభినయిస్తారు. నా పక్కన ఆరేడేళ్ల పిల్లవాడు ఉన్నాడు. వాడి చేతులు చూసి నేర్చుకుంటూ, నాలుగోసారికి వాడితో కలిశాను.