పుట్టు చెవుడున్న పిల్లల చూపు తలుపు మీదకు ఎందుకు పోతుంది?

"మీవాడి చూపెప్పుడూ తలుపు మీదేనండీ, పాఠం మీద ధ్యాస లేదు." పుట్టు చెవుడున్న పిల్లల తల్లిదండ్రులకు బడిలో తరచూ ఎదురయ్యే ఫిర్యాదు ఇది. నిజానికి ఆ పిల్లవాడి ధ్యాస మనకన్నా వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. తలుపు దగ్గర నీడ కదిలినా వాడికి తెలిసిపోతుంది.

చెవి నుంచి కబురు రాకపోయినా మెదడులోని వినికిడి ప్రాంతం ఖాళీగా కూర్చోదు. 2010లో స్టీఫెన్ లోంబర్, అలెక్స్ మెరెడిత్, ఆండ్రే క్రాల్ పుట్టు చెవుడున్న పిల్లులను పరీక్షించారు. చూపు అంచున వెలిగే దీపాన్ని అవి మామూలు పిల్లులకన్నా బాగా పట్టాయి, మరీ నెమ్మదైన కదలికనూ పసిగట్టాయి. వినికిడి ప్రాంతంలో వెనకవైపు భాగాన్ని చల్లబరిచి కాసేపు పని ఆపితే అంచు చూపులోని ఆధిక్యం పోయింది. పైభాగాన్ని చల్లబరిస్తే కదలికను పట్టే నేర్పు తగ్గింది. వినే పిల్లుల్లో ఆ వెనక భాగం చేసే పని శబ్దం ఎటునుంచి వచ్చిందో పోల్చుకోవడం. చెవుడున్న పిల్లిలో కూడా 'ఎటు' అన్న పనే చేస్తోంది, కాకపోతే కంటికోసం.

మనుషుల్లోనూ పెరిగేది అంచుల మీది ధ్యాసే. కంటిచూపు పదునెక్కుతుందనుకోవడం పొరపాటు. చిన్న అక్షరాలు వాళ్లకీ మనలాగే కనబడతాయి. అందుకని ఆ పిల్లవాణ్ని తలుపు, కిటికీ ఎదురుగా పడని చోట కూర్చోబెట్టండి. బెంచీలు అర్ధచంద్రాకారంలో వేయండి. టీచరు వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా పడి పెదవులు కనబడవు. బోర్డువైపు తిరిగి మాట్లాడొద్దు. బొమ్మ చూపించాక వాడు తలెత్తేదాకా ఆగి, అప్పుడు చెప్పండి. రెండూ ఒకేసారి చూడలేడు.

ఐక్యూ పరీక్షలో ఇంకో చిక్కుంది. అంకెలు వరసగా తిరిగి చెప్పమంటే వినేవాళ్లు 7 దాకా చెబుతారు, సైగల్లో 5 దగ్గర ఆగుతుంది. వరసను పట్టి ఉంచడంలో శబ్దానికి ఉన్న వెసులుబాటు అది. గుర్తుపెట్టుకుంటూనే ఆలోచించాల్సిన పరీక్షల్లో ఇద్దరూ సమానం. ఆ 5 చూసి తెలివి తక్కువని రాయడం అన్యాయం.

అసలు నష్టం భాష అందకపోవడం వల్ల. చెవుడున్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లో సైగ భాష ఉండదు. సైగలతో పెరిగిన పిల్లలు ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడంలో వెనకబడరు. ఏ భాషా అందనివాళ్లు ఏళ్లతరబడి వెనకబడతారు.

అందుకే పుట్టిన నెలలోపు ఓఏఈ (లోపలి చెవి స్పందనను చూసే పరీక్ష), మూడు నెలల్లోపు బెరా (శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందా అని చూసే పరీక్ష), ఆరు నెలలకల్లా హియరింగ్ ఎయిడ్. పుట్టిన మొదటి రోజు చెవిలో తడివల్ల ఓఏఈ ఫెయిల్ కావచ్చు, మళ్లీ చేయించండి. ఐదు రోజులకు మించి ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్న బిడ్డకు ఓఏఈ పాసైనా బెరా తప్పదు; లోపం నరంలో ఉంటే ఓఏఈకి అందదు. మూడున్నరేళ్లలోపు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెడితే శబ్దానికి మెదడు స్పందన నెలల్లోనే వయసుకు తగ్గట్టు వస్తుంది. ఏడేళ్లు దాటితే చాలామందిలో రాదు. ఆపరేషన్ కోసం ఎదురుచూసే ఆ నెలల్లో సైగలు మొదలుపెట్టండి, ఇంప్లాంట్ పెట్టాక కూడా ఆపొద్దు. స్నానానికి, నిద్రకు ఇంప్లాంట్ కోసం బయట తగిలించే మిషను తీసేస్తే ఆ బిడ్డకు మళ్లీ ఏమీ వినబడదు.