ఆ 425 కోట్లు నేనే తిన్నాను

పదో తరగతి, బి సెక్షన్. ఆ రోజు లెక్కల మాస్టారికి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దే పని ఉంది, మేం నోరు మూసుకుని కూర్చోవాలి. నల్లబల్ల మీద 4294967297 అని రాసి, ముందు చదవమన్నారు. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. చదవడానికే సగం క్లాసు తడబడింది. 2ని 32 సార్లు వేసి గుణించి, ఒకటి కలిపితే వచ్చేది ఇదేనట.

ఇలాగే 2ని 1, 2, 4, 8, 16 సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే, ఈ వరసలో దీనికి ముందొచ్చేవి 3, 5, 17, 257, 65537. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇక ముందూ అంతేనని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి న్యాయాధికారి నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త కాదని తేల్చాడు. ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని 64తో భాగిస్తే ఒకటి మిగలాలట. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. మాస్టారు బెంచీకొకటి పంచి పేపర్లలో తల దూర్చారు.

ముందు బెంచీలకు శేషాలు మిగిలాయి: 109, 2, 325, 288. ఆఖరు బెంచీ మాది, 641.

4294లో ఆరుసార్లు పోయి 448 మిగిలింది. 9 దించితే 4489, ఏడుసార్లు, మిగిలింది 2. 6 దించితే 26, పోదు. 7 దించితే 267, పోదు. పోనప్పుడల్లా పైన సున్న పెట్టాలని చిన్న పిల్లలకీ తెలుసు. నేను పెట్టలేదు. 2 కూడా దించేసి 2672 చేశాను. నాలుగుసార్లు, 108. 9 దించితే 1089, ఒకసారి, మళ్లీ అదే 448. చివరి 7 దించితే 4487. సరిగ్గా ఏడుసార్లు!

"పోయింది సార్!" అని అరిచాను.

"భాగఫలం ఎంతరా?"

"67417 సార్."

ఆయన తలెత్తలేదు. "ఆరొందల చిల్లరని అరవై ఏడు వేలతో గుణిస్తే నాలుగు కోట్ల పైచిలుకు. మిగతా 425 కోట్లు ఎవరు తిన్నార్రా?"

క్లాసు గొల్లుమంది. రెండు సున్నలూ ఇరికించి 6700417 అని దిద్దుకున్నాను. బడి వదిలేదాకా నా పేరు 425 కోట్లే. 625కి 16 కలిపినా, 5ని 128తో గుణించి ఒకటి కలిపినా 641 వస్తుంది. ఆ రెండూ పట్టుకుంటే ఇంత భాగహారమే అక్కర్లేదని డిగ్రీలో తెలిసింది. అప్పుడే చెబితే మేం కాసేపైనా కుదురుగా కూర్చునేవాళ్లం కాదనుకోండి, అది వేరే సంగతి.

సాఫ్ట్‌వేర్‌లో చేరిన కొత్తల్లో ఓ రాత్రి, సరుకు నిల్వ చూపాల్సిన చోట 4294967295 కనబడింది. పక్క సీటు కుర్రాడు కంగారుపడ్డాడు. నాకు నవ్వొచ్చింది: మన సంఖ్యకు రెండే తక్కువ! ఫెర్మా ప్రధాన సంఖ్యలు అయిదింటినీ గుణిస్తే వచ్చేది ఇదే. రుణ సంఖ్యలకు చోటివ్వని 32 బిట్లలో, అంటే 32 సున్నలూ ఒకట్లూ పట్టే గడిలో, సున్నలోంచి ఒకటి తీసేస్తే లెక్క గిర్రున తిరిగి ఇక్కడికొచ్చి ఆగుతుంది. నిల్వ సున్న అయిందేమో చూసుకోకుండా ఒకటి తీసెయ్యమని ఆ ప్రోగ్రాం రాసిందెవరో వెతికాం. నేనే.