డొనాల్ థామస్ గారికి మా ఇంటి నుంచి ఒక దండం

మా తమ్ముడికి లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) అన్నప్పుడు స్టెమ్ సెల్స్, అంటే ఎముక మజ్జలో ఉండి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, ఇచ్చింది నేనే, తోడబుట్టినవాళ్ళతో పూర్తిగా మ్యాచ్ అయ్యే ఛాన్స్ 25 శాతమే అన్నారు, దేవుడి దయవల్ల కలిసింది. ముందు ఇంజెక్షన్లు, వాటికి నడుమంతా ఒకటే నొప్పులు, తర్వాత ఒక చేతిలోంచి రక్తం తీసి మెషిన్‌లో తిప్పి ఇంకో చేతికి ఎక్కించారు, కొన్ని గంటలు కదలకుండా పడుకోవడమే. చివరికి వచ్చింది చిన్న సంచీడు ఎర్రటి ద్రవం, వాడికి మామూలు రక్తంలాగే ఎక్కించేశారు.

ఇది మొదట ఎవరు చేశారా అని చదువుతూ కూర్చుంటే డొనాల్ థామస్ అనే ఈ అమెరికన్ డాక్టర్ గురించి తెలిసింది. 1957లో ఆరుగురు పేషెంట్లకి వేరేవాళ్ళ ఎముక మజ్జ ఎక్కించినట్టు రిపోర్ట్ రాశారు, వాళ్ళలో ఎవరూ ఎక్కువకాలం బతకలేదు. తర్వాత చాలామంది ఇది అయ్యేపని కాదని వదిలేశారండీ, ఈయన మాత్రం కుక్కల మీద ఏళ్ళతరబడి పరిశోధన చేసి, టిష్యూ మ్యాచింగ్ (ఇచ్చేవాళ్ళ కణాలు తీసుకునేవాళ్ళకి సరిపోతాయో లేదో చూడటం) సంగతి తేల్చుకుని, సియాటిల్‌లో 1969 నుంచి మళ్ళీ పేషెంట్లకి మొదలుపెట్టారు. 1990లో నోబెల్ వచ్చింది.

వాళ్ళావిడ డాటీ గారు మొదటినుంచీ ఆయనతోపాటే ల్యాబ్‌లో పనిచేశారు, ఆయన పేపర్లు కూడా ఆవిడే సరిదిద్దేవారట. నాకైతే ఆ నోబెల్‌లో ఆవిడ పేరు కూడా ఉండాల్సింది అనిపిస్తుంది.