ఆర్నెల్లయింది కదా అక్కా, ఆడొచ్చా? – స్పోర్ట్స్ ఫిజియో పీజీలో నా అనుభవం

స్పోర్ట్స్ ఫిజియోథెరపీలో పీజీ చేయాలనుకునే జూనియర్లు ఎక్కువగా సిలబస్ గురించి, ఉద్యోగాల గురించి అడుగుతుంటారు. వాటికి జవాబు ఎవరైనా చెబుతారు. ఆ రెండేళ్లలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించిందీ, ఇప్పటికీ రోజూ పనికొస్తున్నదీ ఒకటుంది. ఆడాలని తహతహలాడే పిల్లల్ని ఆపడం, ఎందుకు ఆగాలో వాళ్ల కళ్లకే కనిపించేలా చూపించి మరీ ఆపడం.

బైపీసీ తర్వాత తిరుపతిలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ చేశాను. నాలుగేళ్ల చదువు, ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. మొదటి సంవత్సరం డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతుంటే, మా మేడం మోకాలి కీలు తెరిచి లోపలున్న ఏసీఎల్‌ను, అంటే ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లలో ఒకదాన్ని ఫోర్సెప్స్‌తో పైకెత్తి చూపించారు. చిటికెన వేలంత కూడా లేదు. పరిగెత్తుతూ టక్కున మలుపు తిరిగినప్పుడు కింది ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచేది అదే. అప్పటిదాకా 'లిగమెంటు గాయంతో టోర్నీకి దూరం' అని పేపర్లో చదవడమే తెలుసు. ఆ రోజు నుంచి మనసు అటే లాగింది. ఎంపీటీకి, అంటే పీజీకి, స్పోర్ట్స్ తీసుకుని బెంగళూరు వెళ్లాను.

అక్కడ మొదటి సంవత్సరం చాలావరకు చేతులకే చదువు. ఏసీఎల్ తెగిందో లేదో చేత్తో చూసే లాక్‌మన్ టెస్ట్ సంగతే చూడండి. మోకాలిని 20, 30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టి, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగాలి. మంచి మోకాలైతే చివర్లో గట్టిగా ఆగుతుంది. ఏసీఎల్ తెగితే ఆ ఆగడం ఉండదు, మెత్తగా ముందుకు వచ్చేస్తుంది. నావి చిన్న చేతులు. కబడ్డీ ఆడేవాళ్ల తొడ నా పట్టుకు అందదు. తొడ కింద మన మోకాలు ఆనించి చేసే పద్ధతి ఒకటుందని మా ప్రొఫెసర్ నేర్పాక పని సులువైంది. హాస్టల్లో ఒకరి కాళ్ల మీద ఒకరం చేసి చేసి, ముందు బాగున్న మోకాలు ఎలా ఉంటుందో తెలుసుకున్నాం. అది చేతికి తెలియకపోతే తెగిన మోకాలు పట్టుకున్నా తెలియదు.

గ్రౌండ్ పోస్టింగుల్లో ఎక్కువగా చీలమండ బెణుకులే వచ్చేవి. పడిన పిల్ల నాలుగడుగులు వేయగలుగుతోందా? చీలమండ ఎముక వెనక అంచును కొన నుంచి 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉందా? పాదంలో మరో రెండు చోట్ల? ఎక్స్‌రేకి పంపాలా వద్దా అన్నది వీటితోనే చాలావరకు తేలిపోతుంది. కెనడాలో 1992లో తయారైన ఈ ఒట్టావా నియమాలు మన స్కూల్ గ్రౌండ్లలో బంగారం లాంటివి. బెణికిన వెంటనే నూనె పెట్టి గట్టిగా తోమడం, వేడి కాపడం పెట్టడం మన దగ్గర బాగా అలవాటు. మొదటి రెండు మూడు రోజులు ఈ రెండూ వద్దని పీఈటీ సార్లకు చెప్పి ఒప్పించడం కూడా మా పనిలో భాగమే.

నాకు అసలు చదువు చెప్పింది మాత్రం మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక కబడ్డీ రైడర్. ఇంటర్ చదువుతున్న పిల్ల. వాళ్లమ్మ మొదటి రోజే అంతా చెప్పింది. "పుత్తూరు కట్టు కట్టించినాం మేడం. వాపు తగ్గింది గానీ, ఆడేటప్పుడు మోకాలు జారిపోతా ఉంది." ఆ కట్టు మీద మా వైపు జనానికున్న నమ్మకం తరాలనాటిది. దాన్ని తీసిపారేసినట్టు మాట్లాడితే ఆ తల్లి మళ్లీ మా గడప తొక్కదు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఏసీఎల్ కీలు లోపలి ద్రవంలో ఉంటుంది కాబట్టి తెగిన కొసలు చాలావరకు వాటంతటవి కలవవు అని బొమ్మ గీసి చెప్పాం. తొడ వెనక కండరం నుంచి తీసిన గ్రాఫ్ట్‌ను తెగిన ఏసీఎల్ స్థానంలో పెట్టే ఆపరేషన్ అయ్యాక, పోస్టింగ్‌లో ఆమె కేసు నాకు ఇచ్చారు.

మొదటి వారాల్లో పని మూడే మూడు: వాపు దించడం, మోకాలు పూర్తిగా చాచేలా చేయడం, తొడ ముందు కండరాన్ని మేలుకొలపడం. మోకాలు వాచి ఉంటే 'తొడ బిగించమ్మా' అన్నా బిగుసుకోదు. అది బద్ధకం కాదు, వాపు వల్ల నరాల నుంచి వచ్చే ఆదేశమే తగ్గిపోతుంది. ఇక పుస్తకాల్లో లేని సమస్యలు ఇంటి దగ్గర ఉంటాయి. వాళ్లింట్లో నేల మరుగుదొడ్డి. భోజనం బాసింపట్టు వేసుకుని. కమోడ్ కుర్చీ కొనిపించి, తినేటప్పుడు కూర్చోవడానికి స్టూలు వేయమని చెప్పేదాకా మా వ్యాయామాల చార్టుకు అర్థమే లేదు. అప్పటి నుంచి ఏ పేషెంటు వచ్చినా ముందు ఇంటి గురించే అడుగుతాను.

కష్టమంతా నొప్పి పోయాక మొదలైంది. గ్రాఫ్ట్ లోపల పాత కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు పుట్టి, అది లిగమెంటులా మారడానికి నెలలు పడుతుంది. మధ్యలో కొన్నాళ్లు అది పెట్టిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే నొప్పి, వాపు తగ్గి పిల్లలకు 'నేను బాగానే ఉన్నా' అనిపిస్తుంది. "ఆర్నెల్లయింది కదా అక్కా, ఆడొచ్చా? జిల్లా సెలెక్షన్స్ ఉన్నాయి" అని ఆ పిల్ల అడుగుతుంటే నాకే టెన్షన్‌గా ఉండేది. 9 నెలల దాకా ఆటకు తిరిగి వెళ్లకుండా ఆపిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగం తగ్గిందని 2016లో వచ్చిన అధ్యయనం నాకు తెలుసు. పదిహేడేళ్ల పిల్లకు అధ్యయనంతో ఏం పని?

అందుకే కారిడార్లో కొలిచే టేపు పరిచాం. ఒంటికాలి మీద దూకి, అదే కాలి మీద నిలదొక్కుకోవాలి. బాగున్న కాలితో 140 సెంటీమీటర్లు దూకింది. ఆపరేషన్ కాలితో 112. అంటే 80 శాతం. కనీసం 90 కావాలి, అంటే 126. ఆ 126 దగ్గర నేల మీద తెల్ల టేపు అంటించాం. తర్వాత నన్ను ఎన్ని నెలలని అడగడం మానేసింది, వచ్చిన ప్రతిసారీ ఆ టేపు వైపే చూసేది. అయితే ఈ శాతాన్నే పూర్తిగా నమ్మకూడదు. ఆట మానేసిన నెలల్లో బాగున్న కాలు కూడా నీరసిస్తుంది, పోల్చేది దానితోనే కాబట్టి లెక్క ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. అందుకని రెండు కాళ్లకూ బలం పెంచాం, దూకి దిగేటప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ తీశాం. మోకాలు లోపలికి వాలడం వీడియోలో తనే చూసి, తనే సరిచేసుకుంది.

సెలెక్షన్స్‌కి వెళ్లలేదు. ఏడ్చింది. 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన సింధు, ఎడమ కాలి స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) వల్ల ఆ వెంటనే ఉన్న ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుని, 2023 జనవరిలో గానీ మళ్లీ కోర్టులో దిగలేదని చెప్పాను. దాంతో ఆమె బాధ తీరిపోయిందని అనను. మర్నాడు వ్యాయామాలకు మాత్రం వచ్చింది.

126 దాటాక కూడా ఒకటి మిగిలింది. మళ్లీ ఆడటానికి మనసు ఎంత సిద్ధంగా ఉందో తెలుసుకునే 12 ప్రశ్నల స్కేలు ఒకటుంది. తెలుగులో ఒక్కొక్కటే అడిగితే, పరుగంటే భయం లేదు గానీ డిఫెండర్ చీలమండ పట్టుకుంటాడేమోనని తలచుకుంటేనే వణుకు వస్తోందని చెప్పింది. అందుకే మ్యాట్ మీద ముందు ఎవరూ లేకుండా ఉత్తుత్తి రైడ్, తర్వాత ఒక్క డిఫెండర్ మెల్లగా కాలు పట్టడం, తర్వాత నిజం పట్టు, ఆఖరున ఏడుగురు. ఏ మెట్టు దగ్గరైనా మోకాలు వాస్తే ఒక మెట్టు వెనక్కి.

డిసర్టేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఆలస్యమవుతుంది కాబట్టి టాపిక్ త్వరగా తేల్చుకోండి, అంతే. కాలేజీ విషయంలో మాత్రం జాగ్రత్త. మెషీన్లు ఎన్ని ఉన్నాయో చూసి చేరకండి. ఒకే పేషెంటును ఆపరేషన్ వార్డు నుంచి గ్రౌండ్ దాకా ఒకే విద్యార్థికి ఇస్తారా, పోస్టింగ్ మారగానే కేసు కూడా చేతులు మారిపోతుందా? ఈ ఒక్క ప్రశ్న అక్కడి సీనియర్లను అడిగి, తర్వాతే ఫీజు కట్టండి.